తొలి గంటకు ఒక దవాఖాన, మలి వారమునకు వేరొకటి

హైదరాబాదును విడిచి ఒకటి తూర్పునకును, ఒకటి దక్షిణమునకును బయలుదేరు రెండు మహారహదారులలో మొదటిది చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, కోదాడల మీదుగా విజయవాడకును, రెండవది షాద్‌నగర్, జడ్చర్ల, భూత్‌పూర్, కొత్తకోట, పెబ్బేరుల మీదుగా కృష్ణ దాటి కర్నూలునకును సాగిపోవుచు, ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఎర్రనేలలను, రాతిగుట్టలను, బత్తాయితోటలను, పత్తిచేలను నిడుపుగా చీల్చుచున్నవి. వీనికి ఇప్పటి నంబర్లు 65, 44. పాతవారి నోట ఇంకను తొమ్మిది, ఏడు. నల్లగొండ పట్టణమైనను, మహబూబ్‌నగర్ పట్టణమైనను హైదరాబాదునకు ఇంచుమించు నూరు కిలోమీటర్ల దూరమున నున్నవి. ఈ నూరు కిలోమీటర్లే మనకు వచ్చిన చిక్కు. ఆదిలాబాదు అడవులలోని వానికి పట్నము దూరమని తెలియును గనుక దగ్గరనున్న దవాఖానను వెదకుకొనును. ఘట్‌కేసరులోని వానికి పట్నము వాకిటనే యున్నది గనుక చింత లేదు. మనకో, రెండు గంటలలో చేరుకొందుమను భ్రమ ఎల్లవేళల కన్నుల ముందర మెరయుచునే యుండును.

కారు బోల్తాపడిన చోట గుమిగూడిన పదిమందిలో, నెత్తుటితో తడిసిన వానిని ఇంకను బయటికి తీయకమునుపే, వినవచ్చు మాట ఒకటి కలదు. "ఈడ గాదే, పట్నం తోల్కపోదాం పా!" దూరపు కొండలు నునుపు. ఆ మాట అన్నవాడు దయామయుడే, సందేహము లేదు. వానికి తెలిసిన పెద్ద దవాఖానలన్నియు పట్నములోనే యున్నవి. ఆ తరువాత మూడవనాడు, అదే క్షతగాత్రుడు ప్రాణాపాయము గడచి మంచముమీద పడుకొని యుండగా, రాత్రి ఎనిమిది గంటలకు ఒక అంగీకారపత్రము వచ్చును. ఎవరు కోయుదురో, ఏమి వేయుదురో, ఎన్ని దినములు పట్టునో ఒక్క ప్రశ్నయైన అడుగక ఆ కుటుంబమువారు సంతకము చేయుదురు. త్వరపడవలసిన గంటలో మంచి చెడ్డలు విచారించుటకు కూర్చుండుట, విచారించుటకు వ్యవధి యున్న వారములో త్వరపడుట: ఈ రెండు తారుమారుల వలన మన జిల్లాలలో పోయిన కాళ్లును, ప్రాణములును తక్కువ కావు.

దగ్గరి దవాఖాన ముందు, పెద్దది వెనుక అను వరుస సరిగా నడచిన ఒక సందర్భము చాలమందికి జ్ఞాపకముండును. 2009 మార్చి 26వ తేది రాత్రి, ఖమ్మము ప్రాంతములో ఎన్నికల ప్రచారము ముగించుకొని హైదరాబాదునకు మరలుచున్న నటుడు జూనియర్ ఎన్టీఆర్ ప్రయాణించుచున్న వాహనము మోతె సమీపమున ప్రమాదమునకు లోనైనది. మోతె నేడు సూర్యాపేట జిల్లా. ఆనాడు నల్లగొండ జిల్లాయే. అంతటి ప్రసిద్ధుడైనను ఆయనను మొదట కొనిపోయినది సూర్యాపేటకే. అచ్చట ప్రథమ చికిత్స జరిగిన పిమ్మట సికింద్రాబాదులోని కిమ్స్ ఆసుపత్రికి తరలించిరి. ఆ మంచముపై నుండియే ఆయన ఎన్నికల ప్రసంగము చేయుటను రాష్ట్రమంతయు టీవీలలో చూచినది. సామాన్యుడు అనుకరింపదగిన అంశము ఆ పెద్ద ఆసుపత్రి పేరు కాదు, దానికి ముందు సూర్యాపేటలో ఆగిన ఆ కొద్దిపాటి కాలము.

అదే కుటుంబమునకు అదే జిల్లా రెండు మారులు శోకమును మిగిల్చినది. 2014 డిసెంబరు 6న మునగాల మండలము ఆకుపాముల వద్ద ట్రాక్టరు అడ్డురాగా నందమూరి జానకిరామ్ మరణించెను. 2018 ఆగస్టు 29 తెల్లవారుజామున నెల్లూరు వైపు ఒక పెండ్లికి తానే కారు నడుపుకొనుచు పోవుచున్న ఆయన తండ్రి హరికృష్ణ, నల్లగొండ దాపున అన్నెపర్తి వద్ద అదుపు తప్పి, నార్కట్‌పల్లిలోని కామినేని ఆసుపత్రికి చేరినను దక్కలేదు. సీటుబెల్టు పెట్టుకొనలేదని అప్పుడు పోలీసులు చెప్పిరి. ఆసుపత్రి ఎంపికను గూర్చి వ్రాయబూనినవాడు ఈ ఒక్క సంగతిని దాటిపోరాదు: బెల్టు లేక కారులోనుండి విసరివేయబడిన వానికి ఏ దవాఖాన ఎంత చేరువగా నున్నను చాలదు.

మొదటి గంటను గూర్చి అమెరికాలో బాల్టిమోరు నగరమున ఆడమ్స్ కౌలీ అను శస్త్రవైద్యుడు చెప్పిన మాట లోకమంతట వ్యాపించి, తుదకు మన మోటారు వాహనముల చట్టములోనికి సయితము 2019 సవరణతో ప్రవేశించినది. సరిగా అరువది నిమిషములేనా యని వైద్యులు ఈనాటికిని వాదించుకొనుచున్నారు గాని, ఆ గంటలో మనిషిని చంపునది ఏదో వారికి భేదాభిప్రాయము లేదు. ఊపిరి మార్గము మూసికొనిపోవుట, ఛాతిలో గాలియో రక్తమో నిండుట, నెత్తురు కారుట. విరిగిన ఎముక ఆ గంటలో తనంతట తాను చంపదు. దాని చుట్టును జరుగు రక్తస్రావము చంపును. తొడయెముక ఒక్కటి విరిగినను, బయటికి బొట్టు కూడ కానరాకుండ, లీటరు మొదలు లీటరున్నర వరకు నెత్తురు కండరములలోనికి దిగిపోవచ్చును. కటివలయము చిట్లినచో అంతకంటె ఎక్కువ. వెలుపల గాయము లేదు గదా యని వెనుక సీటులో కాళ్లు మడచి పరుండబెట్టి, ప్రతి గతుకునందును విరిగిన మొనలు కండను కోయుచుండగా, నార్కట్‌పల్లి దాటి, పంతంగి టోల్‌గేటు వద్ద నిలిచి, చౌటుప్పల్ దాటి, ఎల్బీనగర్ రద్దీలో చిక్కుకొని చేరువేళకు ఆ మనిషి చల్లబడిపోయి యుండును. మొదటి ప్రపంచయుద్ధములో తొడ విరిగిన సైనికులు అత్యధికులు మరణించుచుండగా, థామస్ స్ప్లింటు అను ఒక ఇనుప చట్రమును కందకము దగ్గరనే కాలికి కట్టి పంపుట మొదలిడిన తరువాత ఆ మరణములు అనేక రెట్లు తగ్గిపోయినవని వైద్యచరిత్ర చెప్పుచున్నది. ఆ చట్రము ఖరీదైన వస్తువు కాదు. ఏ ఏరియా ఆసుపత్రిలోనైనను గోడకు వ్రేలాడుచుండును.

కాబట్టి తొలి గంటకు కావలసిన దవాఖాన ఎట్టిదనగా, ఇరువదినాలుగు గంటలు వైద్యుడుండి, ప్రాణవాయువు, సెలైను, రక్తనిధి, ఛాతికి గొట్టము వేయగల చేయి, తలకు స్కాను గలిగి, దారిలో అన్నిటికంటె ముందు వచ్చునది. మన రెండు జిల్లాలు ఈ విషయములో మునుపటివలె నిరుపేదలు కావు. విజయవాడ రోడ్డు మీద నార్కట్‌పల్లిలో కామినేని వైద్యకళాశాల, మహబూబ్‌నగర్‌లో ఎస్వీఎస్ వైద్యకళాశాల 1999 నుండి కలవు. ప్రభుత్వ వైద్యకళాశాలలు మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్లగొండకును సూర్యాపేటకును 2019లో, నాగర్‌కర్నూలు, వనపర్తులకు 2022లో, గద్వాల, నారాయణపేటలకు 2024లో వచ్చినవి. వచ్చినవన్నియు ఒక్క స్థాయిలో లేవు. కొన్నిటికి భవనములు ముందు, వైద్యులు వెనుక. అయినను రాత్రి రెండు గంటలకు నెత్తురెక్కించుటకు ఆచార్యుడే రానక్కరలేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 బండి వచ్చినచో, దానిలోని సిబ్బంది కాలికి బద్దకట్టి, మెడకు పట్టీ వేసి, ఏ దవాఖానలో ఎవరున్నారో ఫోనులో విచారించుకొని కొనిపోవుదురు. సొంత కారులో వేసికొని పోవుట కంటె ఇది పది నిమిషములు ఆలస్యమైనను మేలు. నెత్తురు ధారగా కారుచున్నచో గాయముపై గుడ్డ అదిమిపట్టి ఆ పది నిమిషములు గడపవలెను.

"ఇది పోలీసు కేసు, మేము చూడము" అను మాటకు చట్టములో తావు లేదు. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వ వైద్యుడైనను ప్రైవేటు వైద్యుడైనను ముందు ప్రాణము కాపాడవలెననియు, తక్కిన తంతులన్నియు తరువాతి వనియు తీర్పు చెప్పినది. తీసికొనివచ్చిన బాటసారిని వేధింపరాదని 2016లో ఆ న్యాయస్థానమే మార్గదర్శకములను ఆమోదింపగా, 2019 చట్టసవరణలో అది 134-ఎ సెక్షనుగా నిలిచినది. ఇక సొమ్ము మాట. 2025 మే నెల నుండి అమలులోనికి వచ్చిన కేంద్రప్రభుత్వ పథకము ప్రకారము, మోటారు వాహనము వలన రోడ్డుమీద గాయపడిన ఎవరికైనను, నిర్దేశిత ఆసుపత్రులలో ప్రమాదదినము మొదలు ఏడు దినముల వరకు లక్షన్నర రూపాయల మేరకు నగదు లేని చికిత్స లభింపవలెను. ఆ జాబితాలో లేని ఆసుపత్రిలో ప్రాణము నిలబెట్టునంతవరకే యిది వర్తించును. ఈ పథకమును కౌంటరు వద్ద మనమే పేరు పెట్టి అడుగవలెను, అడుగని వానికి చెప్పువారు అరుదు.

అంబులెన్సును గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. రహదారి కూడళ్లలో నిలిచియుండు ప్రైవేటు అంబులెన్సులలో కొన్నిటికి పట్నములోని కొన్ని ఆసుపత్రులతో లోపాయికారీ ఒప్పందములుండునని, తెచ్చిన ఒక్కొక్క రోగికి ఇంత యని ముట్టునని పత్రికలలో ఎన్నో పర్యాయములు వచ్చినది. "అన్నా, ఆ దవాఖాన బంద్ ఉన్నది, నేను మంచిదాంట్లకు తీస్కపోత" అని డ్రైవరు మార్గమధ్యమున చెప్పినచో, బండి ఆపించి, పోదలచిన దవాఖానకు మీరే ఫోను చేయవలసిన సమయమన్న మాట.

ఇప్పుడు రెండవ ఘట్టమునకు వత్తము. నెత్తురు నిలిచినది, రక్తపోటు నిలకడకు వచ్చినది, మనిషి మాటలాడుచున్నాడు. ఇప్పుడైనను కొన్ని గాయములు ఆగవు. మోకాలి వద్ద ధమని తెగి పాదము చల్లబడినచో ఆరు గంటల లోపున రక్తప్రసారము పునరుద్ధరింపవలెను. తుంటి కీలు జారినచో దానిని ఇంచుమించు అంతలోనే స్వస్థానమునకు చేర్చవలెను. ఎదుటి కారును గుద్దుకొన్నపుడు మోకాలు డ్యాష్‌బోర్డునకు తగిలి, ఆ దెబ్బ తొడ వెంబడి పైకి ప్రాకి తుంటిని వెనుకకు త్రోయుట ముందు సీటువారికి సామాన్యముగా కలుగు గాయము. చర్మము చీలి ఎముక బయటపడినచో యాంటీబయోటిక్ సూదిమందు తొలి గంటలోనే పడవలెను, గాయమును త్వరగా కడిగి శుభ్రపరచవలెను. పుర్రెలో నెత్తురు గడ్డకట్టినచో న్యూరోసర్జను ఉన్నచోటికి పరుగెత్తవలసినదే. పిక్క రాయివలె గట్టిపడి, వ్రేళ్లు కదల్చిన మాత్రాన అరచునంతటి నొప్పి యున్నచో, లోపలి ఒత్తిడి కండరమును చంపుచున్నదని గ్రహించి, కట్టు విప్పించి అప్పటికప్పుడు వైద్యుని పిలువవలెను.

ఇవి గాక తక్కినవానికి కాలము కలదు. తొడయెముకకు, మనిషి తట్టుకొనగలిగినచో, ఒకటి రెండు దినములలో రాడ్డు వేయుట ఉత్తమము. ఊపిరితిత్తుల చిక్కులు తగ్గును. మోకాలి క్రింది కీలుభాగము, చీలమండ నుగ్గైనపుడు మాత్రము వాపు తీసి చర్మముపై ముడుతలు కనబడువరకు వారము పది దినములు ఆగుటయే శాస్త్రము. ఉబ్బిన చర్మమును కోసినచో ఆ కోత అతుకుకొనదు. తుంటిగిన్నె పగిలినచో మూడవదినము మొదలు రెండు వారముల లోపల చేయుదురు, కాని దానిని తరచుగా చేయువారు రాష్ట్రమంతట కొద్దిమందియే. ఇట్లు ఆగవలసినప్పుడు కాలికి వెలుపలనుండి కడ్డీలు బిగించి, ఎముకను కదలకుండ నిలిపి పంపుదురు. ఆ కడ్డీలను చూచి బంధువులు గుండెలు బాదుకొందురు గాని, నిజమునకు వారికి ఆ వైద్యుడు ఇచ్చిన కానుక వ్యవధి. ఆ వ్యవధిలోనే ఆసుపత్రిని ఎన్నుకొనవలెను.

ఎన్నుకొనుటలో గాయమే మనకు దారి చూపవలెను. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెము వద్ద బెంగుళూరు నుండి వచ్చుచున్న వోల్వో బస్సు కల్వర్టును గుద్దుకొని మండిపోయి 45 మంది ఆహుతియైన దుర్ఘటనలో, బయటపడిన వారికి కావలసినది కాలిన గాయముల వైద్యము. ఎంతటి ఎముకల ఆసుపత్రియు వారికి అక్కరకు రాదు. ఎముక ఒక్కటే విరిగి చర్మము చెక్కుచెదరని వానికి జిల్లాలోని మంచి ఆర్థోపెడిక్ సర్జను చాలును. ఎముకతోపాటు మాంసము ఊడిపోయినవానికి ఎముకల వైద్యుడును, ప్లాస్టిక్ సర్జనును ఒకే కప్పు క్రింద ఉండవలెను. తల, ఛాతి, కాలు మూడును దెబ్బతిన్నవానికి పెద్ద ఐసీయూ లేనిచో మిగిలిన హంగులన్నియు వ్యర్థము. ఇది తెలిసికొనుటకు వైద్యశాస్త్రము చదువనక్కరలేదు. ఎక్సురేను కిటికీ వెలుగునకు ఎత్తిపట్టి చూపుచున్న వైద్యుని, బావమరిదియో పెదనాయనయో ఒక్కడు ముందుకు వచ్చి, మెల్లగా అడిగిన చాలును: "సారూ, ఈ ఆపరేషన్ మీరే చేస్తరా, బయటికెళ్లి ఎవరన్న వస్తరా? ఇసొంటివి నెలకు ఎన్ని చేస్తరు? ఇయ్యాల్నే చెయ్యకుంటే ఏమయితది?" పట్టణములలోని చిన్న నర్సింగుహోములలో సర్జను పట్నమునుండి సాయంకాలము వచ్చి, రాడ్డు వేసి, రాత్రికే మరలిపోవుట పరిపాటి. ఆయన నిపుణుడే కావచ్చును. అర్ధరాత్రి కట్టు తడిసినప్పుడు ఎవరు చూతురన్నది ప్రశ్న. మూడవ ప్రశ్నకు వచ్చు సమాధానము మిక్కిలి విలువైనది. కారణము చెప్పి త్వరపెట్టు వైద్యుని నమ్మవచ్చును. కసురుకొని త్వరపెట్టు వానిని విడిచి రెండవ అభిప్రాయమునకు పోవుటకు ఆ ఎక్సురేలను ఫోనులో ఫొటో తీసికొనిన చాలును.

పట్నమునకే పోవలసివచ్చినచో అద్దముల మేడలే పట్నము కాదు. పంజాగుట్టలోని నిమ్స్ 1960లలో నిజాము ధర్మనిధి సొమ్ముతో ఎముకల ఆసుపత్రిగానే పుట్టినది. నేటికిని విరిగి, అతుకక, చీముపట్టి, రెండు మూడు చోట్ల చెడిన కాళ్లు తుదకు చేరునది అచ్చటికే. ముందుగానే పోయినచో మంచము దొరకుట కష్టమన్నది నిజమే. అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా, ముషీరాబాదులోని గాంధీ ఆసుపత్రుల వరండాలు, వాసనలు చూచి వెనుదిరుగువారు, అచ్చటి శస్త్రవైద్యుడు ఒక్క రాత్రిలో చూచు విరిగిన ఎముకలను కొన్ని పెద్ద ఆసుపత్రులు వారములో చూడవని మరచుచున్నారు. శుభ్రత విషయమున వారి భయము నిరాధారమని నేననను. ఎముకలోనికి చీము చేరిన తరువాత చేయి నైపుణ్యము ఎంతయున్నను సంవత్సరములు పట్టును.

ధనము లేదని ఆగనక్కరలేదు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదట మూడు జిల్లాలలో ప్రారంభింపబడినది; అనంతపురము, శ్రీకాకుళములతో పాటు మూడవది మహబూబ్‌నగరే, వలసకూలీల జిల్లాయని పేరుపడినది. తెలంగాణలో దాని పరిమితి 2023 డిసెంబరు నుండి పది లక్షలు. అయితే ఒక ఆసుపత్రి పథకములో ఉన్నంత మాత్రాన అన్ని చికిత్సలును అందులో ఉండవు. మీ గాయపు చికిత్సకు అచ్చట అనుమతి కలదా యని ఆరోగ్యమిత్ర బల్ల వద్దనే తేల్చుకొనవలెను. ప్రైవేటు బీమా గలవారు గది అద్దె పరిమితిని చూచుకొనవలెను. దానికి మించిన గదిలో చేరినచో బిల్లంతటిలోను కోత పడుట కలదు.

జిల్లా పొలిమేరలలోని వారికి పట్నము వెర్రి తక్కువ. అలంపురం వారికి కర్నూలు పెద్దాసుపత్రి తుంగభద్రకు ఆవలిగట్టుననే యున్నది. మక్తల్, నారాయణపేటల వారు రాయచూరునకు పోవుదురు. కోదాడ, హుజూర్‌నగర్ వారికి ఖమ్మమో విజయవాడయో. రాష్ట్రములు వేరైనను నెత్తురునకు సరిహద్దు తెలియదు గనుక తొలి గంటలో వారు చేయునది సరియే. శస్త్రచికిత్సను సయితము అచ్చటనే చేయించుకొనదలచినచో మాత్రము తమ ఆరోగ్యశ్రీ కార్డు ఆ రాష్ట్రములో చెల్లునో లేదో ముందుగా విచారించుకొనవలెను.

పుత్తూరు కట్టు సంగతి అడుగువారు మన ఊళ్లలో ఇంకను కలరు. చిత్తూరు సీమనుండి వచ్చిన ఆ పేరు మన పట్టణములలోని బోర్డులమీద కూడ కనబడును. జరుగక చీలిన చిన్న ఎముక ఏ కట్టుతోనైనను, ఒక్కొక్కప్పుడు కట్టు లేకయు అతుకుకొనును. అందువలననే ఆ కట్టునకు కీర్తి. కారు ప్రమాదములో నుగ్గైన తొడకు, చర్మము చీలిన కాలికి వెదురుబద్దలు బిగించుట వేరు సంగతి. కట్టు క్రింద వ్రేళ్లు నల్లబడి, తుదకు మోకాలి క్రింద తీసివేయవలసి వచ్చినవారిని ఏ జిల్లా ఆసుపత్రి వైద్యుని అడిగినను చెప్పును.

ఆపరేషను బాగుగా జరిగినదని కొబ్బరికాయ కొట్టిన దినమున అసలు పని మొదలగును. ఇల్లలుకగానే పండుగ కాదు. కుట్లు విప్పుటకు, ఆరు వారములకు ఎక్సురేకు, మూడు నెలలకు బరువు మోపవచ్చునో లేదో చూచుటకు, మోకాలు వంచు వ్యాయామమునకు, కాలు చాపుకొని పోవలసినవాడు దేవరకొండ నుండియో కొల్లాపురము నుండియో పోవలెను. పల్లెవెలుగు బస్సులో సీట్ల నడుమ సిమెంటు కట్టు కాలును చాపిన మనిషిని, దానిమీదుగా దాటుకొనుచు పోవు తక్కినవారిని ఎవరు చూడలేదు? ఆటో కిరాయి, తోడువచ్చినవాని కూలి, ఒక పూట హోటలు తిండి కూడితే చెకప్పునకు పోవుట మానుకొందురు. మానుకొనిన పిదప వంగని మోకాలు అట్లే మిగిలిపోవును. సామాన్యముగా విరిగిన ఎముకకు నల్లగొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో, జడ్చర్లలోనో చేయి తిరిగిన వైద్యుడు దొరకినచో అచ్చటనే చేయించుకొనుమని నేను చెప్పుట ఇందువలననే. చేయువాడు దూరమున నున్నను, వ్యాయామము చేయించు ఫిజియోథెరపిస్టు ఊరికి దగ్గర ఉండునట్లు డిశ్చార్జికి ముందే వ్రాయించుకొనవలెను.

ఆ డిశ్చార్జి కాగితమును గూర్చి కొంచెము శ్రద్ధ కావలెను. ఏ రాడ్డు, ఏ ప్లేటు, ఏ కంపెనీది, ఏ కొలతది యని తెలుపు చిన్న స్టిక్కరు ఆ లోహపు పెట్టెతోనే వచ్చును. దానిని కేసుషీటులో అంటింతురు. ఒక ప్రతి అడిగి తీసికొనినచో, రెండు మూడేండ్ల తరువాత వేరొక ఊరిలో దానిని తీయించుకొనవలసినపుడు ఆ వైద్యుడు సరియైన పనిముట్లతో సిద్ధపడును. మొదటి దవాఖానలో వ్రాసిన ఎమ్మెల్సీ (మెడికో-లీగల్ కేసు) నంబరు, గాయముల ధ్రువపత్రము, ఎఫ్ఐఆర్ నకలు, ప్రతి మందుల చీటి, బిల్లు ఒక సంచిలో పెట్టుకొనవలెను. పరిహారము కోరు దావాకు సవరించిన చట్టము ప్రమాదదినము మొదలు ఆరు నెలల గడువు పెట్టినది, అది 2022 ఏప్రిల్ నుండి అమలులోనున్నది. కాలు విరిగినవాడు మంచము దిగునప్పటికే అందులో సగము గడచిపోవును గనుక, ఆ సంచి పట్టుకొని వకీలు వద్దకు ఇంటివారిలో ఎవరు పోవుదురో దవాఖానలో ఉండగానే అనుకొనుట మంచిది.